32 మిల్లీమీటర్ల గుమ్మం

బాల్కనీ కోసం కొన్న కిట్టు అట్టపెట్టె విప్పగానే ముందు గూటిపెట్టె బయటికి తీసి దాని గుమ్మం కొలిచాను. వెర్నియర్ కాలిపర్స్ దవడలు ఆ గుండ్రటి రంధ్రంలో పెట్టి తెరిస్తే సరిగ్గా 32 మిల్లీమీటర్లు వచ్చింది. మనసు కుదుటపడింది. ఊరపిచ్చుక దూరడానికి తగిన కొలత అది. బాగా పెద్దదైతే బలమైన పక్షులు చొరబడి గూడు ఆక్రమిస్తాయి. చిన్నదైతే పిచ్చుకకే దారి ఉండదు. పైన పిచ్చుక బొమ్మ వేసి, గోరింక కూడా సులువుగా దూరేంత రంధ్రం తొలిచిన గూళ్లు నేను చాలా చూశాను. దీన్ని గీసినవాళ్లకు మాత్రం ఆ పక్షి ఒంటి కొలత తెలుసు.

చెక్క సామాను తయారుచేసే చోట డ్రాయింగులు గీయడం నా వృత్తి. 16 ఏళ్లుగా అదే పని. కుర్చీ గీసేటప్పుడు అందులో కూర్చునే మనిషి మోకాలి ఎత్తు ముందు రాసుకుంటాం, అందం సంగతి ఆ తర్వాతే. నగరాల్లోకి పచ్చదనాన్ని, పక్షుల్ని, పురుగుల్ని మళ్లీ రప్పిస్తామంటూ ఇప్పుడు వస్తున్న వస్తువులను కూడా నేను అదే కంటితో చూస్తాను. వీటికి డబ్బిచ్చేది ఒకరు, లోపల కాపురం ఉండేది మరొకరు. డబ్బిచ్చేవారు బయటి నుంచి చూసి మెచ్చుకుంటారు. కాపురం ఉండేవారికి లోపలి గోడ, గాలి, తడి, వేడి ముఖ్యం. లోపల ఉండేవారి పక్షాన నిలబడి గీశారా లేదా అన్నదే ఈ సమీక్షలో నేను చూసింది.

నేను తీసుకున్నది బాల్కనీల కోసం చేసిన ఒక కిట్టు. గోడకు తగిలించే నాలుగు మొక్కల పలకలు, ఒక పిచ్చుక గూడు, ఒక తేనెటీగల ఇల్లు, ఒక నీళ్ల పళ్లెం, అద్దానికి అంటించే చుక్కల ఫిల్ము, రెండు విత్తనాల పొట్లాలు. మా మూడో అంతస్తు బాల్కనీలో అవి పెట్టి 14 నెలలైంది. ఉదయం పూట అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటారు నాన్న. నేను పనికి వెళ్లాక జరిగినవన్నీ ఆయన చూసి చెప్పినవే. తయారీదారు పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు చాలామంది చేస్తున్నారు, ఎవరిది కొన్నా చూసుకోవలసిన సంగతులు ఇవే.

గూటిపెట్టెతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా ఆశ అంతా దానిమీదే ఉండేది. గుమ్మం కొలత సరిగ్గా పెట్టిన మనిషే గుమ్మం కింద ఒక చిన్న కర్ర కూడా బిగించాడు. ఫోటోలో ఆ కర్ర మీద పిచ్చుక కూర్చుని ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. పిచ్చుకకు ఆ కర్ర అక్కర్లేదు. గరుకు చెక్కను గోళ్లతో పట్టుకుని నేరుగా లోపలికి వెళ్లిపోగలదు. ఆ కర్ర పనికొచ్చేది గూట్లోకి తొంగిచూసి పిల్లల్ని లాక్కుపోవాలనుకునే కాకికి. మొదటిరోజే దాన్ని రంపంతో కోసి, మొద్దును చిత్రిక పట్టేశాను.

తర్వాత లోపల చెయ్యి పెట్టి తడిమాను. నున్నగా ఉంది, పైగా వార్నిష్ కూడా పూశారు. మన ఇంట్లో బీరువా లోపల అంత నునుపు ఉంటే సంతోషిస్తాం. కానీ గూట్లో పిల్లలు ఎగిరే వయసుకు వచ్చినప్పుడు, అడుగు నుంచి గుమ్మం దాకా గోడను గీరుకుంటూ పైకి ఎక్కాలి. నున్నటి గోడ మీద గోరు నిలవదు. ఉలితో ముందు పలక లోపలి వైపు వేలెడంత ఎడంలో అడ్డంగా గాట్లు పెట్టాను, వార్నిష్ గీకేశాను. అడుగు పలకకు ఒక్క రంధ్రం కూడా లేదు. వాన జల్లు లోపలికి పడితే, రెట్టల తడి చేరితే ఆ నీరు ఎక్కడికి పోవాలి? నాలుగు మూలలా 6 మిల్లీమీటర్ల బెజ్జాలు వేశాను. మూతను మేకులతో బిగించేశారు. ఒక కాపురం అయిపోయాక పాత గడ్డిని, అందులోని పురుగులను తీసి శుభ్రం చేయకపోతే తర్వాత వచ్చేవాటికి అది ఇల్లుగా పనికిరాదు. తెరవడానికి వీలులేని గూటిపెట్టె ఒక్కసారి వాడి పారేయవలసిన వస్తువు. మేకులు ఊడబెరికి మడతబందు, గడియ వేశాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది చెక్క మందం. 9 మిల్లీమీటర్లు. గూళ్ల గురించి తెలిసినవాళ్లు కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలంటారు. మందపాటి చెక్క చలిని, వేడిని రెండింటినీ ఆపుతుంది. ఎండలో పెట్టి పరీక్షిద్దామని ఒక మధ్యాహ్నం లోపల థర్మామీటరు వేలాడదీశాను. బయట నీడలో 36 డిగ్రీలు, గూట్లో 41. ఈకలు రాని పిల్లలు ఆ వేడిలో ఎంతసేపు ఉంటాయి? పెట్టెను మధ్యాహ్నం ఎండ పడని గోడకు మార్చాను. మూత మీద ఒక వేలు ఎడం వదిలి రెండో పలక కప్పాను, ఆ సందులోంచి గాలి ఆడుతుంది. అలాంటిదే మరో మధ్యాహ్నం చూస్తే లోపల 37. ఈ రెండో కప్పు తయారీలోనే ఇచ్చి ఉంటే ఖర్చయ్యేది ఒక చిన్న పలక, నాలుగు స్క్రూలు.

ఇంత చెప్పాక కూడా ఈ పెట్టెను పారేయమని చెప్పను. గుమ్మం కొలత సరైనది, అడుగు వైశాల్యం సరిపడా ఉంది, కలప గట్టిది. ఒక సెలవురోజు పని చేయగలిగితే అది మంచి గూడు అవుతుంది.

మొక్కల పలకల దగ్గరికి వస్తే, ఈ కిట్టులో ఇంజనీరింగు తెలిసిన చెయ్యి పడింది ఇక్కడే. గోడమీద తోట అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో స్టాన్లీ హార్ట్ వైట్ అనే ప్రొఫెసరు 1938లోనే మొక్కలు పెరిగే నిలువు కట్టడానికి పేటెంటు పొందారు. తర్వాత ఫ్రాన్సుకు చెందిన వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్ మట్టి లేకుండా ఫెల్టు గుడ్డ పొరల మీద, పోషకాలు కలిపిన నీటిని పైనుంచి వదులుతూ పెంచే పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశారు. పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం గోడ ఆయన చేసినదే. చూడటానికి అడవి ముక్క తెచ్చి అంటించినట్టు ఉంటుంది. కానీ ఆ పద్ధతిలో పంపు ఆగితే గుడ్డ ఆరిపోతుంది, మొక్కకు దాచుకున్న నీరంటూ ఉండదు. ఇంటి బాల్కనీకి తెచ్చుకుంటే రెండురోజులు ఊరెళ్లడానికి కూడా వీలుండదు.

ఈ కిట్టు పలకల్లో పంపు లేదు, కరెంటు లేదు. ఒక్కో పలక అడుగున 8 లీటర్ల తొట్టి, అందులోంచి పైకి లావుపాటి వత్తులు. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టే ఇవి నీటిని పీల్చి కొబ్బరిపొట్టు కలిపిన మట్టికి అందిస్తాయి. మట్టి ఎంత ఆరితే అంత పీలుస్తుంది. మండుటెండల్లో తొట్టి నాలుగు రోజులు వచ్చింది, చల్లటి రోజుల్లో పది రోజులు దాటింది. తొట్టిలో నీరు ఎంత ఉందో చెప్పే ఎర్రటి తేలుడు బిళ్ల కుర్చీలోంచి లేవకుండానే నాన్నకు కనిపిస్తుంది. నీళ్లు పోసే మూతికి దోమలు దూరకుండా సన్నటి జాలీ ఉంది. ఇంత ఆలోచించినవాళ్లు, ఎక్కువైన నీరు బయటికి పోయే గొట్టానికి జాలీ మరిచిపోయారు. దోమకు ఆ దారి చాలు. నేను పాత నైలాన్ గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేశాను.

బరువు సంగతి కిట్టుతో వచ్చిన సూచనల కాగితంలో ఎక్కడా రాయలేదు. ఇది క్షమించరాని లోపం. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద పెట్టి తూచాను: ఖాళీ పలక 4 కిలోలు, తడిసిన మట్టి, నిండిన తొట్టి, ఎదిగిన మొక్కలతో 29 కిలోలు. నాలుగూ కలిపి 116 కిలోలు. లీటరు నీరు కిలో బరువు అన్న చిన్న లెక్క అందరికీ తెలుసు, అయినా మొక్కలు కొనేటప్పుడు ఎవరూ గుర్తుచేసుకోరు. ఇచ్చిన ప్లాస్టిక్ బుడిపెలు, స్క్రూలు పక్కన పడేసి, భవనం ఇంజనీరును అడిగి, గట్టి గోడలోకి లోతుగా దిగే యాంకర్ బోల్టులు వేయించాను. రెయిలింగుకు తగిలించనే లేదు. మిలాన్‌లో 2014లో పూర్తయిన బాస్కో వెర్టికాలే జంట భవనాల మీద దాదాపు 800 చెట్లు ఉన్నాయి. వాటిని నాటేముందు గాలి సొరంగంలో, అంటే యంత్రాలతో ఈదురుగాలి పుట్టించే చోట పెట్టి పరీక్షించారు, నాటాక ఉక్కు తీగలతో కట్టారు. వాటిని కత్తిరించేవాళ్లు పైకప్పు నుంచి తాళ్లతో వేలాడుతూ దిగుతారు. ఆ ఫోటోలు చూసి ముచ్చటపడి బాల్కనీ పలకలు కొనేవారికి ఆ తాళ్లు, ఆ తీగలు కూడా కనిపించాలి.

పలకల్లో మట్టి లోతు అన్నిచోట్లా ఒకటే, 12 సెంటీమీటర్లు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో కొత్త చదును కప్పుల మీద మొక్కలు పెంచాలన్న నియమం 2002లో వచ్చింది. అక్కడి పరిశోధకులు గమనించింది ఏమిటంటే, కప్పు మీద స్థానిక మట్టి వాడి, ఒకచోట లోతుగా, ఒకచోట పలచగా పరిస్తే సాలీళ్లు, పెంకుపురుగులు ఎక్కువ రకాలు చేరతాయి. ఆ మాట గుర్తుపెట్టుకుని, కింది పలకలో ఒక మూల గులకరాళ్లు, ఎండు పుల్లలు వేసి ఏ మొక్కా నాటకుండా వదిలేశాను. నెల తిరిగేసరికి అక్కడ సాలెగూడు అల్లుకుంది. మిగిలిన మూడు పలకల్లోకంటే ఆ మూలనే ఎక్కువ కదలిక ఉంటుంది. ఒక గదిని అలా ఖాళీగా ఉంచి అమ్మితే ఎంత బాగుండేది.

ఇక అద్దం గురించి చెప్పాలి. పలకలు తగిలించిన మూడో వారంలో ఒక ఉదయం బాల్కనీ తలుపు అద్దానికి ధడేలుమని ఏదో తగిలింది. నేను వచ్చేసరికి నాన్న నేలమీద వంగి ఉన్నారు. అరచేతిలో ఇమిడేంత పిట్ట, కళ్లు సగం మూసుకుని, రెక్క ఒకటి విడిచేసి పడి ఉంది. అద్దం మీద దాని ఛాతీ, రెక్కల అచ్చు బూడిద రంగు పొడిలా అంటుకుని ఉంది. ఈకల గీతలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. “నీళ్లు పొయ్యకు నాన్నా” అని చెప్పి, చెప్పుల అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పొడిచి, గుడ్డ పరిచి దాన్ని అందులో పెట్టి మూశాం. చీకట్లో ఉంచితే బెదురు తగ్గి తేరుకుంటుంది. ముప్పావుగంట తర్వాత లోపల గోళ్ల చప్పుడు వినిపించింది. మూత తీయగానే ఎగిరిపోయింది.

ఆ ఇంట్లో మేం ఆరేళ్లుగా ఉంటున్నాం, అంతకుముందు ఎప్పుడూ ఇలా జరగలేదు. కారణం నేను తగిలించిన మొక్కలే. అవి అద్దంలో ప్రతిబింబించి, లోపల మరో తోట ఉన్నట్టు కనబడుతోంది. పిట్ట ఆ తోటలోకి వెళ్లబోయింది. పచ్చదనం అమ్మేవారు చాలామంది ఈ ముక్క చెప్పరు. అమెరికాలో భవనాలకు తగిలి చనిపోయే పక్షులు ఏడాదికి 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా ఉంటాయని 2014లో పరిశోధకులు అంచనా కట్టారు. అందులో ఆకాశహర్మ్యాల వాటా ఒక్క శాతం కూడా లేదు. దాదాపు అంతా మనలాంటివాళ్లు ఉండే, పనిచేసే మామూలు ఎత్తు భవనాలదే.

ఈ కిట్టు చేసినవారు ఆ సంగతి తెలిసి చుక్కల ఫిల్ము కూడా పెట్టెలో పెట్టారు. ఈ ఒక్క పనికి వారికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది. నేనే దాన్ని అనవసరం అనుకుని అలమారలో దాచాను. ఆ రోజే బయటికి తీశాను. తెల్లటి చిన్న చుక్కలు, నిలువునా అడ్డంగా 5 సెంటీమీటర్ల ఎడం. ఆ ఎడం ఊరికే పెట్టింది కాదు. అంతకంటే ఎక్కువ ఖాళీ కనిపిస్తే చిన్న పక్షులు దూరిపోవచ్చు అనుకుంటాయి. అంటించవలసింది అద్దం బయటి వైపు, ఎందుకంటే ప్రతిబింబం పడేది అక్కడే. లోపలి వైపు అంటిస్తే ఆకాశం, చెట్లు చుక్కల ముందు మెరుస్తూనే ఉంటాయి. డేగ బొమ్మ ఒకటి రెండు అంటించి ఊరుకునేవారికి చెప్పేదేమిటంటే, పక్షి ఆ బొమ్మను తప్పించుకుని పక్కనున్న ఖాళీ అద్దాన్ని కొట్టుకుంటుంది.

ఇది పనిచేస్తుందనడానికి పెద్ద ఉదాహరణ చికాగోలో ఉంది. 2023 అక్టోబరులో అక్కడి మెకార్మిక్ ప్లేస్ భవనం అద్దాలకు తగిలి ఒక్కరోజులో దాదాపు 1,000 వలస పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది ఆ అద్దాలకు ఇలాంటి చుక్కల ఫిల్మే అంటించారు, ఆ తర్వాత మరణాలు దాదాపు 95 శాతం తగ్గాయి. మా తలుపుకు అంటించి ఏడాది దాటింది, మళ్లీ ఆ చప్పుడు వినలేదు. లోపల కూర్చుంటే చుక్కలు మొదటి రెండురోజులే కంటికి ఆనాయి. ఇప్పుడు చూసినా కనబడవు.

తేనెటీగల ఇల్లు దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. చిన్న ఇంటి ఆకారం, వాలు కప్పు, లోపల వరసగా పేర్చిన వెదురు ముక్కలు, మధ్యలో అలంకారానికి దేవదారు కాయలు, చెక్కపొట్టు. కిట్టులో అందరూ మొదట చేతిలోకి తీసుకునేది ఇదే. పక్కింటి పాప కూడా దీన్నే ఎత్తుకుంది. “అక్కా, ఇందులో తేనె వస్తుందా?” అని అడిగింది. రాదు. తేనె దాచే ఈగలు గుంపుగా పట్టు పెట్టుకుంటాయి. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులుంటే వాటిలో చాలావరకు ఒంటరివి. ప్రతి ఆడ ఈగ తన గూడు తానే కట్టి, తన గుడ్లు తానే పెట్టి పోతుంది. ఈ ఇల్లు అలాంటి ఒంటరి ఈగల కోసం. దేవదారు కాయల్లో, చెక్కపొట్టులో ఏ ఈగా గూడు పెట్టదు.

ఒంటరి ఈగ గొట్టంలోకి వెళ్లి, అడుగున పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, గది మూసేస్తుంది. దాని ముందు మరో గది, మరో గుడ్డు. ఇలా వెనక నుంచి ముందుకు వస్తుంది. సాధారణంగా లోపలి గదుల్లో ఆడ ఈగలు, గుమ్మం దగ్గరి గదుల్లో మగవి పుడతాయి. కాబట్టి గొట్టం పొట్టిగా ఉంటే ఆడ ఈగల సంఖ్య పడిపోతుంది. దానికి 15 సెంటీమీటర్ల లోతు కావాలి. ఈ ఇంట్లో వెదురు ముక్కల లోతు 6 సెంటీమీటర్లు. పైగా వెనకవైపు తెరిచే ఉన్నాయి, అటునుంచి వెలుతురు, గాలి, చీమలు. రంపంతో కోసిన అంచులు పీచులు పీచులుగా లేచి ఉన్నాయి, ఈగ వెనక్కి నడిచి వచ్చేటప్పుడు రెక్కలు చిరుగుతాయి. వెదురు జిగురుతో అంటించారు కాబట్టి బయటికి తీసి శుభ్రం చేయడానికీ వీల్లేదు. పాత గొట్టాల్లో బూజు, కంటికి ఆనని సన్నటి పురుగులు పెరుగుతూ పోతాయి, ఏడాదికేడాది ఆ ఇల్లే జబ్బుల అడ్డా అవుతుంది. ఏడు నెలలు చూశాను. రెండు సాలీళ్లు వచ్చాయి, ఒక గొట్టంలో చీమలు చేరాయి. ఒక్క ఈగ కూడా గూడు పెట్టలేదు.

అప్పుడు పనిచేసే చోట మిగిలిన గట్టి కలప దుంగ ఒకటి తెచ్చాను. పొడవైన డ్రిల్ బిట్లతో 4, 6, 8 మిల్లీమీటర్ల బెజ్జాలు 15 సెంటీమీటర్ల లోతున వేశాను, వెనక వైపు తెగకుండా. గుమ్మాలు గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. ప్రతి బెజ్జంలో కాగితం చుట్టి పెట్టాను, కాపురం అయిపోయాక లాగి మార్చడానికి వీలుగా. ఉదయపు ఎండ తగిలేచోట, గాలికి ఊగకుండా గోడకు బిగించాను. మూడు వారాలకు మా గులాబీ ఆకుల అంచుల్లో అర్ధచంద్రాకారపు కోతలు కనిపించాయి, కత్తెరతో కత్తిరించినంత శుభ్రంగా. ఆ ఆదివారం దుంగ ముందు కూర్చున్నాను. బూడిద రంగు ఈగ ఒకటి గుండ్రటి ఆకుముక్కను పొట్ట కింద కాళ్లతో ఇరికించుకుని వచ్చింది. ముక్క దానికంటే పొడవు. 6 మిల్లీమీటర్ల బెజ్జం ముందు ఒక్క క్షణం గాలిలో నిలిచి, ముక్కను గొట్టంలా వంచుకుంటూ తలదూర్చింది. లోపల సన్నగా కరకర చప్పుడు. రెండు నిమిషాల్లో ఖాళీగా బయటికొచ్చి గులాబీ వైపు వెళ్లింది. మధ్యాహ్నానికి 19 ఆకుముక్కలు లెక్కపెట్టాను. గులాబీకి అందువల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. టొరాంటోలో మూడేళ్లపాటు దాదాపు 600 తేనెటీగల ఇళ్లను గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వాటిలో ముప్పావు వంతు ఇళ్లలో కందిరీగలు చేరినట్టు తేలింది. మా దుంగలోనూ రెండు బెజ్జాలకు మట్టి మూతలు పడ్డాయి, అవి ఒంటరి కందిరీగలవి. భయపడకండి, అవి మన జోలికి రావు, గొంగళిపురుగుల్ని వేటాడి పిల్లలకు పెడతాయి. అయితే ఇల్లు పెట్టగానే తేనెటీగల్ని కాపాడేశామని అనుకోకూడదు. తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలోనే గూళ్లు తవ్వుకుంటాయి. వాటికి కావలసింది తవ్వకుండా, సిమెంటు వేయకుండా వదిలిన కాస్త మట్టి. బ్రిటన్‌లోని బ్రైటన్ అండ్ హోవ్ పాలకమండలి 5 మీటర్లకు మించిన కొత్త కట్టడాల్లో తేనెటీగల ఇటుకలు, అంటే ఒంటరి ఈగల కోసం బెజ్జాలు వేసిన ఇటుకలు, పెట్టాలని షరతు పెట్టినప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు అడిగినవి కూడా ఈ ప్రశ్నలే: బెజ్జాల లోతు సరిపోతుందా, వాటిని ఎవరు శుభ్రం చేస్తారు? షరతు వెనకున్న మంచి మనసును నేను గౌరవిస్తాను. లోతు మాత్రం స్కేలుతో కొలవవలసిందే.

విత్తనాల పొట్లాలు వద్దు. వాటిలో మొలిచినవి రేకుల మీద రేకులు ముద్దగా ఉన్న హైబ్రిడ్ బంతి, పెటూనియా. ముద్దపూలలో పుప్పొడి ఇచ్చే భాగాలే చాలావరకు రేకులుగా మారిపోతాయి, మకరందం దగ్గరికి దారి ఉండదు. ఈగలు వచ్చి, వాలి, వెళ్లిపోవడం నాన్న రోజూ చూశారు. వాటిని తీసేసి తులసి, ఒంటిరేకు బంతి వేశాను, కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలాను. ఒక కుండీలో నిమ్మ మొక్క కూడా పెట్టాను. లేత చిగురు మీద ఆవగింజలో సగమంత పసుపు గుడ్డు, నాలుగు రోజులకు పక్షిరెట్టలా కనిపించే పురుగు, ఇంకొన్నాళ్లకు ఆకుపచ్చగా మారి, ముట్టుకుంటే తలలోంచి నారింజ రంగు కొమ్ములు బయటికి పెట్టి ఘాటు వాసన కొట్టే పురుగు. పక్కింటి పాప స్కూలు నుంచి రాగానే ముందు దాన్ని చూసి తర్వాత ఇంటికి వెళ్లేది. సీతాకోకచిలుక కావాలంటే పువ్వు ఒక్కటే చాలదు, ఆకులు తినిపించడానికి కూడా మనం సిద్ధపడాలి. కిట్టు సూచనల కాగితంలో ఈ వాక్యం ఉండాలి.

నీళ్ల పళ్లెం బాగుంది. అడుగు గరుకు, అంచు నుంచి మధ్యకు వాలు, మధ్యలో లోతు 4 సెంటీమీటర్లు. మూడు రోజులకోసారి నీళ్లు పారబోసి, లోపలి గోడ రుద్ది కడగండి, దోమ గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి.

తయారీదారుకు ఉత్తరం రాశాను. గూటిపెట్టెకు నేను చేసిన మార్పులన్నీ కొలతలతో డ్రాయింగు గీసి పంపాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. మడతబందు ఉన్న కొత్త మూత, బెజ్జాలున్న అడుగు పలక ఉచితంగా పంపారు. గుమ్మం కింది కర్ర తీసేస్తామన్నారు. తేనెటీగల ఇంటి విషయంలో మాత్రం, కొనేవాళ్లు వెదురు రూపాన్నే ఇష్టపడుతున్నారని రాశారు. ఈగలు ఉత్తరం రాయలేవు కాబట్టి వాటి తరఫున నేను మళ్లీ రాశాను. ఇంకా జవాబు రాలేదు. పలకలు, ఫిల్ము, పళ్లెం విడిగా అమ్మితే కళ్లుమూసుకుని కొనండి. గూడు కొని సరిచేసుకోండి. మిగిలిన రెండూ వదిలేయండి.

పిచ్చుకల సంగతి చివరికి మిగిలింది. మొదటి ఆరు నెలలు పెట్టె ఖాళీగానే ఉంది. తర్వాత ఒక మగపిచ్చుక వచ్చింది. గుమ్మం అంచు పట్టుకుని పొద్దుట నుంచి ఒకటే పిలుపు. “అమ్మా, వాడు మూడు రోజులుగా పిలుస్తున్నాడు, నువ్వు ఇవాళ అటు వెళ్లకు” అన్నారు నాన్న. నాలుగోరోజు ఆడపిచ్చుక తొంగిచూసింది. గడ్డిపోచలు, ఈకలు వెళ్లాయి. పిల్లలు పుట్టాక ఆ జంట గింజలు తేలేదు, మొదటి రోజుల్లో పిల్లలకు పురుగులే కావాలి. బంతి చిగుళ్ల మీద పేనుబంక పట్టినప్పుడు నేను మందు కొట్టకుండా వదిలేశాను. అవి అక్కడే వాలి ఒక్కొక్కటే ఏరుకున్నాయి. నాన్న చేతి గడియారం చూసి ఒక గంట లెక్కపెట్టారు: 22 సార్లు. పదిహేనో రోజు ఉదయం మొదటి పిల్ల గుమ్మంలోంచి తల బయటికి పెట్టింది.

రెండో కాపురం కూడా ఎగిరిపోయాక పోయినవారం మూత తెరిచాను. గిన్నెలా తిరిగిన గడ్డి, దూది, తెల్ల ఈకలు, ఎవరో విసిరేసిన రిబ్బను ముక్క, వాటి మధ్య మా పలకల్లోంచి పీక్కెళ్లిన కొబ్బరిపీచు. ముందు పలక లోపల నేను పెట్టిన గాట్ల మీద చిన్న చిన్న గోళ్ల గీతలు అడుగు నుంచి గుమ్మం దాకా ఉన్నాయి. అంతా తీసి, మరిగే నీళ్లు పోసి కడిగి, ఒకరోజు గాలికి ఆరబెట్టి మళ్లీ అదే గోడకు తగిలించాను. నాన్న తన కుర్చీని ఒక అడుగు వెనక్కి జరుపుకున్నారు.